కోట కట్టే లోపే ఆట అయిపోతోంది

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం, రెండు ఆటల ఎత్తులు, ఓటముల జాబితా కూడా జత చేశారు. అవసరమైనంత వరకు ఇక్కడ చెబుతాను.

ఆయన వయసు 46. చిన్నప్పుడు ఆడి వదిలేసిన చదరంగాన్ని రెండేళ్ల కిందట మళ్లీ మొదలుపెట్టారు. పద్నాలుగేళ్ల కూతురు నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ ఆయనకూ మనసు పుట్టింది. రోజూ రాత్రి ఆన్‌లైన్‌లో పదిహేను నిమిషాల ఆటలు మూడో నాలుగో ఆడతారు. దాడి చేయడమంటే ఇష్టం. "క్యాస్లింగ్ చేయాలని నాకు తెలియక కాదు. ప్రతి ఆటలోనూ వచ్చే ఎత్తులో చేద్దాంలే అనుకుంటాను. ఆ వచ్చే ఎత్తు రాదు" అని రాశారు. (రాజును ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఏనుగును దాన్ని దాటించి అవతల పెట్టే ఎత్తే క్యాస్లింగ్. కోట కట్టడమన్నా అదే.) ఆయన ఓడిన చివరి 20 ఆటలు కూతురు ఒక సాయంత్రం కూర్చుని వరసగా చూసిందట. పదమూడింటిలో ఆయన రాజు పుట్టిన గడిలోనే ఉండగా దెబ్బ తిన్నాడు. "నాన్నా, నువ్వు ఇంటి తలుపులు బార్లా తీసి పెట్టి దొంగల్ని పట్టుకోవడానికి వెళ్తావు" అని నవ్వింది. ఆ నవ్వు ఆయనకు గుచ్చుకుంది. అప్పటి నుంచి ఏదో ఒక వంక చెప్పి ఆమెతో ఆడటం తప్పించుకుంటున్నారు.

తరువాత ఒక సీనియర్ ఆటగాడు ఆయనకు సూత్రం చెప్పాడు: ఏమైనా కానీ, పదో ఎత్తు లోపు క్యాస్లింగ్ అయిపోవాలి. ఆయన పట్టుదలగా పాటించారు. ఆ వారంలోనే నల్లపావులతో ఆరో ఎత్తులో కోట కట్టి, పదిహేనో ఎత్తు దాటకుండా ఆ కోటలోనే ఆటకట్టయింది. చివరి దెబ్బ ఒక టోర్నమెంటులో. క్యాస్లింగ్ చేద్దామని ముందు ఏనుగును పట్టుకున్నారు. ఆర్బిటర్, అంటే ఆట తీర్పరి, ఒప్పుకోలేదు, ఏనుగునే కదపమన్నాడు. పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూశారు. "పదో ఎత్తు సూత్రం పట్టుకోనా, వదిలేయనా? అసలు నా స్వభావానికి క్యాస్లింగ్ పడదా? మళ్లీ మా అమ్మాయి ఎదురుగా ఎలా కూర్చోను?" అని అడిగారు.

ముందు ఆ టోర్నమెంటు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందులో మీరనుకున్నంత పరువుతక్కువేమీ లేదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల్లో క్యాస్లింగ్ రాజు వేసే ఎత్తు కిందే లెక్క. రాజును ముందు ముట్టుకుని రెండు గడులు జరపాలి, ఆ తర్వాతే ఏనుగును దాటించి అవతల పెట్టాలి, అంతా ఒకే చేత్తో. ఏనుగును ముందు ముట్టుకుని ఆపైన రాజును పట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ కుదరదు. ముందు ముట్టుకున్న ఏనుగే కదలాలి. అది కదిలిందా, ఆ వైపు హక్కు ఆట మొత్తానికీ పోయినట్టే. ఆర్బిటర్ తన పని తాను చేశాడు. మీ చెయ్యి ఏనుగు మీదికి ఎందుకు పోయిందో కూడా ఊహించగలను. చిన్నప్పుడు ఇంట్లో ఆడేటప్పుడు ఎవరూ ఇది పట్టించుకోరు. ఇక ఆన్‌లైన్‌లో రాజును రెండు గడులు లాగితే ఏనుగు దానంతటదే వచ్చి నిలబడుతుంది. రెండేళ్లుగా మీ వేళ్లకు నిజం క్యాస్లింగ్ అలవాటే లేదు.

ఇంతకంటే నన్ను ఆపిన మాట మీ ఉత్తరం మూడో పేజీలో ఉంది, మీరు దాన్ని ఏదో మామూలుగా రాసేశారు. "ఎలాగూ ఒకసారి చెక్ పడింది కాబట్టి క్యాస్లింగ్ పోయింది, అందుకని శకటును అడ్డం పెట్టకుండా రాజునే జరిపాను." ఇది తప్పండీ. చెక్ పడినంత మాత్రాన హక్కు పోదు. చెక్‌లో ఉన్న ఆ క్షణాన మాత్రమే క్యాస్లింగ్ చేయకూడదు. శకటును అడ్డం పెట్టి ఉంటే తర్వాతి ఎత్తుల్లో నిక్షేపంగా కోట కట్టుకునేవారు. ఉన్న హక్కును మీరే చేజేతులా వదులుకున్నారు. ఈ అపోహ చాలామందిలో చూశాను, బాగా ఆడేవాళ్లలో కూడా. కాబట్టి ఒకసారి మొత్తం చెప్పేస్తాను. రాజూ, ఆ వైపు ఏనుగూ అంతకుముందు కదలకూడదు. రెండింటి మధ్య ఏ పావూ ఉండకూడదు. రాజు చెక్‌లో ఉండకూడదు, ఎదుటివాడి పావు కాచుకున్న గడి మీదుగా పోకూడదు, అలాంటి గడిలో దిగకూడదు. ఈ కట్టుబాట్లన్నీ రాజుకే. ఏనుగు దాడిలో ఉన్నా ఫరవాలేదు. మంత్రి వైపు కోట కట్టేటప్పుడు ఏనుగు దాటే బి1 గడిని శత్రువు శకటు చూస్తున్నా ఫరవాలేదు. (గడుల పేర్లు ఇలా: తెల్లపావుల వైపు నుంచి చూస్తే నిలువు వరుసలు ఎడమ నుంచి ఎ మొదలు హెచ్ వరకు, అడ్డ వరుసలు కింది నుంచి 1 మొదలు 8 వరకు.)

ఇది తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం అనిపిస్తే ఒక సంగతి వినండి. 1974లో మాస్కోలో కార్పోవ్, కోర్చ్‌నోయ్ క్యాండిడేట్స్ ఫైనల్, అంటే ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే పోటీ, ఆడుతున్నారు. ఇరవై ఒకటో ఆటలో కోర్చ్‌నోయ్ ఏనుగు మీద దాడి ఉంది. ఆయన లేచి వెళ్లి, ఏనుగు దాడిలో ఉంటే క్యాస్లింగ్ చేయొచ్చా అని ఆర్బిటర్‌ను అడిగాడు. ప్రపంచంలో మొదటి ఇద్దరు ముగ్గురిలో ఒకడు! చేయొచ్చన్నారు, చేశాడు, ఆ ఆట ఆయనే గెలిచాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. "వచ్చే ఎత్తులో చేద్దాంలే" అన్న మీ మాట వెనుక ఒక నమ్మకం కనిపిస్తోంది. క్యాస్లింగ్ అంటే దాక్కోవడమనీ, ఆ ఎత్తు దాడికి పనికిరాకుండా ఖర్చయిపోతుందనీ మీ లోపల ఎక్కడో ఉంది. నాకూ చాలాకాలం అలాగే ఉండేది. దాడి వేడి మీద ఉన్నప్పుడు రాజును పక్కకు జరపడమంటే పందెంలో పరిగెడుతూ ఆగి చెప్పులు సర్దుకున్నట్టు అనిపించేది. ఆ నమ్మకాన్ని పోగొట్టింది ఒక పాత ఆట. మీకూ ఆ ఆటనే చూపిస్తాను.

1858లో పారిస్‌లోని ఒక ఒపేరా హాలులో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ తెల్లపావులతో ఆడాడు. అవతల డ్యూక్ ఆఫ్ బ్రన్స్‌విక్, కౌంట్ ఇసువార్ ఇద్దరూ కలిసి ఆలోచించుకుంటూ ఆడారు. 17 ఎత్తుల్లో అయిపోయింది. ఆఖర్న మార్ఫీ మంత్రిని బలి ఇవ్వడం గురించే అందరూ చెప్పుకుంటారు. మీరు పన్నెండో ఎత్తు దగ్గర ఆగండి. అప్పటికే మార్ఫీ గుర్రాన్ని ఇచ్చి రెండు బంట్లు తీసుకుని దాడి మధ్యలో ఉన్నాడు. నల్లరాజు ఇ8లో, అతని ముందు డి7లో గుర్రం చెక్‌కు అడ్డంగా కట్టుబడి ఉంది. అలాంటి చోట మార్ఫీ మంత్రి వైపు క్యాస్లింగ్ చేశాడు. ఏనుగు ఎ1 నుంచి ఒక్క దెబ్బకు డి1కు వచ్చి, డి వరుస పొడుగునా ఆ గుర్రం మీద పడింది. రాజు భద్రం, ఏనుగు యుద్ధంలో, రెండూ ఒకే ఎత్తులో. ఆ ఆటలో అన్నిటికంటే పదునైన దాడి ఎత్తు ఆ క్యాస్లింగే అని నా లెక్క. మామూలుగా ఒక ఎత్తుకు ఒక పావే కదులుతుంది. ఆటలో ఒకేసారి రెండు పావులు కదిలే అవకాశం ఇదొక్కటే, దాన్ని మీరు పదమూడు ఆటల్లో వాడకుండా వదిలేశారు.

ఇప్పుడు అదే ఆటను అవతలి వైపు నుంచి చూడండి, అక్కడ మీరు కనిపిస్తారు. ఏడో ఎత్తులో నల్లవాళ్లు మంత్రిని ఇ7లో పెట్టారు. పెట్టక తప్పని పరిస్థితే, కానీ దాంతో ఎఫ్8లోని సొంత శకటుకు దారి మూసుకుపోయింది. శకటు కదలకపోతే రాజు, ఏనుగుల మధ్య గడులు ఖాళీ కావు. ఆట ముగిసేసరికి ఆ శకటూ, హెచ్8 ఏనుగూ పుట్టిన గడుల్లోనే ఉన్నాయి, ఒక్క అంగుళం కదల్లేదు. రాజు ఇ8లోనే చచ్చాడు. వాళ్లు క్యాస్లింగ్ మరిచిపోలేదు. క్యాస్లింగ్‌కు సిద్ధం కాలేకపోయారు. ఈ తేడా పట్టుకోండి, మీ చిక్కు సగం విడిపోతుంది.

మీరు పంపిన మొదటి ఆటలో జరిగింది కూడా ఇదేనా? కాదు, ఇంకా విచిత్రం. అక్కడ మీరు సిద్ధంగానే ఉన్నారు. ఇ బంటు, గుర్రం, శకటు మూడూ బయటికి వచ్చేశాయి. నాలుగో ఎత్తుకే కోట కట్టొచ్చు, అంతకంటే తొందరగా ఎవరికీ కుదరదు కూడా. మీరు హెచ్ బంటును ఒక గడి తోశారు. తర్వాత ఎ బంటును. ఆ తర్వాత శకటును ముందుకు పంపి మళ్లీ వెనక్కి తెచ్చుకున్నారు. ఇవి మరీ చెడ్డ ఎత్తులేం కాదు, అందుకే వాటి వల్ల మీకేమీ కాలేదు. తొమ్మిదో ఎత్తులో డి బంటును రెండు గడులు తోసి, మధ్యలో బంట్లు మార్చుకుని, ఇ వరుసకు దారి తీశారు. అప్పటికి ఎదుటి రాజు జి8లో కూర్చుని ఉన్నాడు, మీ రాజు ఇ1లో. మూడు ఎత్తులయ్యాక వాడి ఏనుగు ఇ8కు వచ్చింది. మీ అమ్మాయి చెప్పిన తలుపు అదే. అది ముందు నుంచీ తెరిచి లేదు. తొమ్మిదో ఎత్తులో మీరే లేచి వెళ్లి తీశారు.

అందుకే పదో ఎత్తు అనే అంకె మీద నాకు పెద్ద గురి లేదు. క్యాస్లింగ్‌కు గడువు పెట్టేది మధ్యలోని డి, ఇ బంట్లు. అవి ఒకదానికొకటి ఎదురుగా బిగిసిపోయి ఉంటే ఏనుగులూ మంత్రులూ రాజు దగ్గరికి రావడానికి దారే ఉండదు. అప్పుడు ఏడో ఎత్తు కోటకూ పన్నెండో ఎత్తు కోటకూ ఏం తేడా లేదు. ఆ బంట్లు మారిపోబోతున్నాయనుకోండి, అయిదో ఎత్తు కూడా ఆలస్యమే. కాబట్టి రాజు ముందు నుంచి గుర్రాన్నీ శకటునూ వీలైనంత త్వరగా తప్పించి, ఎప్పుడు కావాలంటే అప్పుడు కోట కట్టగలిగే స్థితిలో ఉండాలి. ఇందులో మాత్రం నేను మొండిగా ఉంటాను. ఆపైన ఎప్పుడు కట్టాలన్నది, మధ్య బంటును ముట్టుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న. మీరు వేసే బంటు ఎత్తే కాదు, అవతలివాడు వేయగలిగేది కూడా.

మీ రెండో ఆట దీనికి సరిగ్గా తిరగేసిన బొమ్మ. సూత్రం ప్రకారం ఆరో ఎత్తులోనే కోట కట్టారు. అప్పుడు బోర్డు మీద ఏముందో చూశారా? తెల్లబంటు ఇ5కు వచ్చి ఎఫ్6లో ఉండాల్సిన మీ గుర్రాన్ని తరిమేసింది. తెల్ల శకటు డి3 నుంచి ఐమూలగా హెచ్7ను చూస్తోంది. వాడి గుర్రం ఎఫ్3లో ఉంది, ఒక్క గంతేస్తే జి5. మంత్రి డి1 నుంచి హెచ్5కు దారి అడ్డం తీయగానే వచ్చేస్తుంది. మధ్యలో బంట్లు బిగిసి ఉన్నాయి, ఒక్క వరుస కూడా తెరిచి లేదు. అంటే మధ్యలో ఉన్న మీ రాజుకు ఆ క్షణాన ఏ ప్రమాదమూ లేదు, ప్రమాదమంతా జి8 చుట్టూ పొంచి ఉంది. మీరు రాజును తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టారు. శకటు హెచ్7 బంటును కొట్టి బలైంది, గుర్రం చెక్ ఇచ్చింది, వెనకాలే మంత్రి. ఈ బలిని గ్రీకు కానుక అంటారు. మీకంటే ముందు కొన్ని వేలమంది అందుకున్నారు. హెచ్7ను కాచేది ఎఫ్6 గుర్రమే, అది లేనప్పుడు అటు పోవద్దు. ఆ స్థితిలో ముందు సి బంటును తోసి వాడి మధ్య బంట్లను కొట్టడం మొదలుపెట్టి, కోట సంగతి రెండెత్తుల తర్వాత చూసుకుని ఉండొచ్చు.

క్యాస్లింగ్ చేసినవాడి రాజు ఎంత దూరం పారిపోవాల్సి వచ్చిందో చూడాలంటే 1912లో లండన్‌లో ఎడ్వర్డ్ లాస్కర్, జార్జ్ థామస్ ఆడిన ఆట తీయండి. థామస్ ఎనిమిదో ఎత్తులో బుద్ధిగా కోట కట్టాడు. మీలాగే అతనికీ ఎఫ్6లో గుర్రం లేదు, ముందే మారిపోయింది. పదకొండో ఎత్తులో లాస్కర్ మంత్రిని హెచ్7లో బలి ఇచ్చి రాజును బయటికి లాగాడు. ఆ రాజు హెచ్6, జి5, ఎఫ్4, ఎఫ్3, జి2 మీదుగా పరిగెత్తి చివరికి లాస్కర్ ఇంట్లోనే, జి1లో, పద్దెనిమిదో ఎత్తుకు చచ్చాడు. ఇటు లాస్కర్ అప్పటిదాకా క్యాస్లింగే చేయలేదు. తన రాజును డి2కు జరిపి వెనకున్న ఏనుగుతో మేట్ ఇచ్చాడు. అక్కడ మంత్రి వైపు క్యాస్లింగ్ చేసినా మేటే! క్యాస్లింగ్‌తో ఆటకట్టు చెప్పే అవకాశం జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది చెప్పండి. నేనైతే అదే చేసేవాణ్ని, చేసి నెల రోజులు అందరికీ చెప్పుకునేవాణ్ని.

మరి మీరు ఏం చేయాలి? నాకు కనిపించే దారులు చెబుతాను, ఎంచుకోవడం మీ ఇష్టం.

పదో ఎత్తు సూత్రాన్నే ఇంకో నెల పాటించవచ్చు. దాన్ని నేను తీసిపారేయను. మీకున్నది తెలియకపోవడం కాదు, వాయిదా వేసే అలవాటు. అలవాటును మరో అలవాటుతో కొట్టడం తేలిక. పదిహేను నిమిషాల ఆటలో ప్రతిసారీ లోతుగా ఆలోచించే టైమూ ఉండదు. ఇ1లో చావడాలు చాలావరకు తగ్గుతాయి. బదులుగా గ్రీకు కానుకలు అప్పుడప్పుడూ అందుతాయి, ఒకటి రెండు మంచి దాడి అవకాశాలు కళ్ల ముందు జారిపోతాయి. మీ స్వభావానికి ఈ రెండోది ఎక్కువ కష్టం. విసుగొచ్చి మూడో వారంలో వదిలేస్తారేమోనని నా అనుమానం.

ఇందాక చెప్పినట్టు, సిద్ధం కావడం మాత్రం తప్పనిసరి చేసుకుని, కట్టడాన్ని మధ్య బంట్లను బట్టి నిర్ణయించుకోవచ్చు. నా మొగ్గు దీనివైపే అని దాచను. కానీ దీని ఖరీదు గడియారం మీద పడుతుంది. ప్రతి బంటు ఎత్తుకు ముందు పది పదిహేను సెకన్లు ఆగాలి. మొదట్లో మరిచిపోతారు కూడా, మరిచిపోయిన ఆటల్లో పాత పద్ధతిలోనే ఓడిపోతారు. రాత్రికి నాలుగు ఆటలు ఆడేవారు, టైము పెంచి రెండే ఆడితే ఇది కుదురుతుంది. నాలుగూ ఆడాల్సిందే అంటే మొదటి దారే మేలు.

దాడి వదులుకోలేనంటే మంత్రి వైపు కోట ఉంది. అవతలివాడు రాజు వైపు కట్టాక మీరు ఇటు కట్టండి. ఇక మీ రాజు వైపు బంట్లు ఖాళీయే, హెచ్, జి బంట్లను వాడి కోట మీదికి తోలొచ్చు. మీ రాజు ముందున్న బంట్లు కదలవు కాబట్టి భయం లేదు. మీలాంటివారికి ఇది పండగ. అయితే వాడూ మీ రాజు మీదికి అదే పని చేస్తాడు. ఎవరు ఒక్క ఎత్తు ముందుంటే వాళ్లదే ఆట, మధ్యలో ఎ3 లాంటి ఊసుపోని ఎత్తు వేశారా, మునిగారు. ఇంకో చిక్కు, ఈ వైపు ఖాళీ కావడానికి గుర్రం, శకటుతో పాటు మంత్రి కూడా తప్పుకోవాలి, కాబట్టి అన్నీ కలిసొచ్చినా అయిదో ఎత్తుకు ముందు కుదరదు. కట్టాక ఎ2 బంటుకు రాజు అందడు. దాన్ని కాయడానికి రాజును బి1కు జరపాలంటే ఇంకో ఎత్తు. తొందర ఎక్కువ ఉన్నవారికి ఓపిక ఎక్కువ కావాల్సిన కోట ఇది. నవ్వుకోండి.

అసలు కట్టకుండా ఆడటం? పెద్దవాళ్లు ఆడతారు. 2000లో లండన్‌లో కాస్పరోవ్ ప్రపంచ కిరీటాన్ని క్రామ్నిక్ లాక్కున్నది చాలావరకు అలాగే. నల్లపావులతో బెర్లిన్ డిఫెన్స్ అనే ఆరంభ పద్ధతి ఆడి, ఎనిమిదో ఎత్తుకే మంత్రులు మార్చుకుని, క్యాస్లింగ్ హక్కు పోగొట్టుకుని కూడా గోడలా నిలబడ్డాడు. ఆ మ్యాచ్ మొత్తంలో కాస్పరోవ్ ఒక్క ఆట కూడా గెలవలేకపోయాడు. అక్కడ బోర్డు మీద మంత్రులు లేవు, అది మరిచిపోవద్దు. మంత్రులు పోయాక మధ్యలో ఉన్న రాజుకు గండం చాలా తగ్గుతుంది, ముగింపు ఆటలో అతనే పనిమంతుడు కూడా. మీ పదమూడు ఆటల్లోనూ మంత్రులు బోర్డు మీదే ఉన్నాయి. తమాషా ఏమిటంటే అదే క్రామ్నిక్ 2019లో అసలు క్యాస్లింగే లేని చదరంగం ఆడదామని ప్రతిపాదించాడు. రాజులు మరీ సులువుగా భద్రమైపోతున్నారు, ఆటలు చప్పబడుతున్నాయి అన్నది ఆయన బాధ. 2021లో డార్ట్‌మండ్‌లో ఆ పద్ధతిలో మన ఆనంద్‌తో నాలుగు ఆటలు ఆడితే ఆనంద్ రెండున్నర, ఒకటిన్నర తేడాతో గెలిచాడు. ఆట వేడెక్కాలంటే ప్రపంచ ఛాంపియన్లకు క్యాస్లింగ్ నిషేధించాల్సి వచ్చింది. మీరు ఎవరూ అడగకుండానే దాన్ని వదులుకుంటున్నారు.

స్వభావానికి పడదా అన్నారు కదా. మీ పదమూడు ఓటముల జాబితా చూస్తే నాకు అలా అనిపించలేదు. అందులో నిజంగా దాడి మధ్యలో ఉండి క్యాస్లింగ్ వాయిదా వేసినవి నాలుగే. మిగిలిన తొమ్మిదింటిలో మీరు దాడి చేయడం లేదు. హెచ్3, ఎ3, శకటు ముందుకు వెనక్కు. ఏం చేయాలో తోచనప్పుడు కాలక్షేపం ఎత్తులు వేశారు. ఏం తోచనప్పుడు వేయడానికి క్యాస్లింగ్ కంటే మంచి ఎత్తు లేదు. మీరు దాన్ని వీరత్వం ఖాతాలో రాసుకుంటున్నారు, అది తోచకపోవడం. కాస్త కటువుగా అన్నానేమో, ఏమనుకోకండి.

ఇక అమ్మాయి. పద్నాలుగేళ్ల పిల్ల, నాన్న ఓడిపోయిన 20 ఆటలు ఒక సాయంత్రమంతా కూర్చుని ఒక్కొక్కటీ చూసి, లెక్క రాసింది. వెక్కిరించాలనుకునేవాళ్లు అంత పని పెట్టుకోరు. మాట వదిలినప్పుడు నవ్వింది, నిజమే. మీకు గుచ్చుకున్నదీ నిజమే. ఏమీ జరగనట్టు వంకలు చెబుతూ ఉండొచ్చు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేస్తుంది, బహుశా తను గెలుస్తున్నందుకే నాన్న ఆడటం లేదని అనుకుంటుంది. గుచ్చుకుందని నేరుగా చెప్పొచ్చు. చెబితే బాధపడుతుంది, తరువాత మీ ఆటలో తప్పు కనిపించినా నోరు మెదపదేమో, అది మీకే నష్టం. లేదంటే ఆ సంగతి ఎత్తకుండా మీరు పంపిన రెండో ఆటను ఆమె ముందు పెట్టి, "సూత్రం ప్రకారం కట్టాను కదా, ఎందుకు చచ్చానో చెప్పు" అని అడగండి. ఎఫ్6 గుర్రం సంగతి ఆమె తనంతట తాను కనిపెడుతుందో లేదో నాకూ చూడాలని ఉంది.

అడిగాక ఆమెతో ఒక ఆట ఆడండి, ఫోన్‌లో కాదు, బోర్డు మీద. ఆడే ముందు ఒక్క ఒప్పందం చేసుకోండి. క్యాస్లింగ్ చేసేటప్పుడు మీ చెయ్యి ముందు ఏనుగు మీదికి పోతే, ఆ ఆర్బిటర్‌లాగే ఆమె కూడా ఒప్పుకోకూడదు.